సాయంత్రం ట్రిప్పు డీజిల్

"మాస్టారూ, మన స్టాఫు బస్సులోంచి రోజూ సాయంత్రం డీజిల్ మాయమవుతోంది!"

"ముందు తలుపెయ్యమ్మాయ్. స్టోర్సులో అట్టల దుమ్ము చాలదన్నట్టు బయటి దుమ్ము కూడానా. ఏంటి, బస్సులో డీజిలా? ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే కొలిచాను."

"నువ్వా?"

"నన్నీ పొగ లెక్కల్లోకి తోసింది మీరే కదా! 'మన ఫ్యాక్టరీ ఏడాదికి ఎంత పొగ వదులుతుందో లెక్క చూపించాలట, అది తగ్గించాలట, లేకపోతే పెద్ద పార్టీ మన అట్టపెట్టెలు కొనదట. చిన్నదానివి, నువ్వు నేర్చుకో' అని ట్రైనింగుకి లాక్కెళ్ళారు. ఇప్పుడు క్యాంటీన్లో అందరూ నన్ను పొగపిల్ల అంటున్నారు."

"పేరు బాగానే ఉంది. నన్ను చూడు, ఏ బళ్ళోనూ ఒక్క పాఠం చెప్పకుండానే మాస్టారినైపోయాను."

"మాట మార్చకండి. ట్రైనింగులో ఏం చెప్పారు? మూడు కుప్పలు. మొదటిది మనం సొంతంగా కాల్చేది. బాయిలరు, జనరేటరు, బస్సు. రెండోది మనం కొనే కరెంటు. మూడోది..."

"మన కోసం బయటివాళ్ళు కాల్చేది. కాగితం మిల్లు, లారీలు. తెలుసమ్మాయ్, నీ పక్కనే కూర్చుని నేనూ విన్నాను."

"వినలేదు, కునికారు. బాయిలరు లెక్క తేలింది, జనరేటరు తేలింది. బస్సు దగ్గర ఇరుక్కుపోయాను. దాంట్లో దూరం చూపించే మీటరు చచ్చిపోయి ఉంది. అందుకని పొద్దున ట్రిప్పు కాగానే ట్యాంకు నిండా కొట్టించాను. సాయంత్రం ట్రిప్పు లెక్క కోసం మర్నాడు పొద్దున బస్సు బయల్దేరే ముందు మళ్ళీ నిండా కొట్టించాను. వారమంతా అదే పని. బంకువాడు నన్ను చూస్తే చాలు, నవ్వుతున్నాడు."

"అయితే?"

"పొద్దున తాగేదానికి రెండింతలు సాయంత్రం తాగుతోంది. అదే బస్సు, అదే దారి, అదే జనం. పొద్దున ఖాళీగా వెళ్ళి నిండుగా వస్తుంది, సాయంత్రం నిండుగా వెళ్ళి ఖాళీగా వస్తుంది. రెండూ సమానం కావాలి కదా?"

"సాయంత్రం ట్రాఫిక్కు ఎక్కువ."

"ఎంత ట్రాఫిక్కయినా రెండింతలా?"

"లైట్లు వేసుకోవాలి. వైపర్లు వేసుకోవాలి."

"వైపర్లు డీజిల్ తాగుతాయా మాస్టారూ!"

"బస్సు ముసలిదైందమ్మాయ్. పొద్దుగూకేసరికి ఎవరికైనా ఆయాసం వస్తుంది. నవ్వకు, నీకూ వస్తుంది ఆ వయసు."

"నవ్వట్లేదు. మీరే వింతగా మాట్లాడుతున్నారు."

"చూడూ, బస్సుది వదిలెయ్. ఇలాంటి బండికి సగటున ఇంత అని వాళ్ళు పట్టిక ఇచ్చారు కదా? అది చూసి అంచనా వేసెయ్. ఎవరడుగుతారు?"

"ఈ మాట మీరేనా అంటున్నది? తూకం వెయ్యందే కాగితం రీలుని గుమ్మం దాటనివ్వని మనిషి! 'కొలిచే వీలున్నదాన్ని అంచనా వేస్తే అది అబద్ధమే' అని నాకు చెప్పిందెవరు?"

"అది రీళ్ళ గురించి చెప్పాను."

"పొగకి వేరే న్యాయమా?"

"సరే సరే. మేనేజరుకి చెప్పేశావా ఏంటి?"

"పొద్దునే చెప్పాను."

"అయ్యో, ముందు నా దగ్గరికి రావాల్సింది కదే!"

"మీరు గోడౌనులో ఉన్నారు. ఆయన తల కూడా ఎత్తలేదు. 'ఇంకెవరు, డ్రైవరే' అన్నారు. నాలుగింటికి పిలిచి ఉద్యోగంలోంచి తీసేస్తారట. పోలీసు కేసు కూడా పెడతామంటున్నారు."

"వాడు దొంగ కాదు."

"మీకెలా తెలుసు?"

"తెలుసు."

"అదే, ఎలా?"

"రోజూ వాడి వెనక సీట్లో కూర్చుంటాను. ఆ మాత్రం మనిషి తెలియడా?"

"కొత్త ఫోను కొన్నాడట."

"కొంటే? ఫోను కొన్నవాళ్ళంతా దొంగలైతే ఈ ఫ్యాక్టరీలో గేటు దాటి ఇంటికెళ్ళేవాడు ఒక్కడూ మిగలడు."

"నాకూ దొంగతనం అనిపించట్లేదు మాస్టారూ. నా తలనొప్పంతా అదే."

"తలనొప్పెందుకు?"

"పొగ లెక్కలో అమ్ముకోవడం వేరు, కాల్చడం వేరు. డ్రైవరు ఆ డీజిల్ అమ్ముకుంటే దాని పొగ మనది కాదు, కొన్నవాడిది. మన బస్సే కాల్చి ఉంటే మనది. ఏదో తేలందే ఏమని రాయను? అందుకే మధ్యాహ్నం బస్సు కిందికి దూరాను."

"బస్సు కిందికా? నువ్వా?"

"గ్రీజు కనబడట్లేదా, మోచేతిదాకా ఉంటే? టైర్లు చూశాను. మొన్న ఎండాకాలంలో వేయించిన కొత్త టైర్లు, గుండు కొట్టించుకున్నట్టున్నాయి. అమ్ముకున్న డీజిల్ టైర్లని అరగదీయదు కదా మాస్టారూ? బస్సు తిరిగింది. రోజూ సాయంత్రం ఎక్కడికో తెగ తిరిగింది. వింటున్నారా?"

"వింటున్నా. చెప్పు."

"దూరం మీటరు ఎందుకు చచ్చిపోయిందని మెకానిక్కుని అడిగాను. కేబుల్ పోయిందట. కొత్తది కావాలని స్టోర్సుని ఎన్నిసార్లడిగినా లేదన్నారట."

"లేదు."

"ఉంది. మీ వెనకాల అరలోనే ఉంది, పెయింటు డబ్బా పక్కన. నాకిక్కణ్ణించే కనబడుతోంది."

"అది లారీది."

"బస్సు అని మీ చేత్తో మీరే చీటీ అంటించారు."

"చూసుకోలేదు."

"అట్టముక్క ఒకటి తగ్గినా పట్టేసే మీరు చూసుకోలేదా?"

"వయసైపోయిందమ్మాయ్. అన్నీ కనబడవు."

"ఏమో. ఇవాళ మీరు అడిగినదానికల్లా అడ్డంగా చెప్తున్నారు. పోనీ తగ్గించే సంగతైనా వింటారా? నేను సొంతంగా కనిపెట్టిన మొదటి ఉపాయం. బస్సు చివరి స్టాపుదాకా వెళ్ళేది మీ ఒక్కరి కోసమే. ఆ స్టాపు తీసేసి మీకో బ్యాటరీ స్కూటరు ఇప్పిద్దాం."

"నాకు స్కూటరు వద్దు."

"పొగ రాదు, చప్పుడుండదు. రయ్యిమని ఇంటికెళ్ళిపోవచ్చు."

"వద్దన్నానా!"

"అరుస్తారెందుకు? మాటవరసకి చెప్పాను."

"అరవలేదులే. నా గొంతే అంత."

"నిన్న నేనూ ఆ బస్సెక్కి చివరిదాకా వచ్చి ఉంటే సరిపోయేది. మీరు దిగాక ఎటు పోతుందో తెలిసేది. మీ ఇంట్లో టీ కూడా దక్కేది. మీ అక్కగారు కిందటేడు ఇక్కడికి వచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకుని మరీ రమ్మన్నారు."

"అక్క ఊళ్ళో లేదు."

"ఎక్కడికెళ్ళారు?"

"వెళ్ళింది. నువ్వు నీ లెక్క సంగతి చూసుకో."

"చూస్తున్నా. నాలుగు కావస్తోంది, అందుకే డ్రైవరన్నని ఇక్కడికే రమ్మన్నాను."

"ఇక్కడికా? ఇక్కడికెందుకు?"

"మీ ముందు అబద్ధమాడడు. మీరంటే ఆయనకి ప్రాణం. అదిగో, వచ్చేశాడు. రా అన్నా, కూర్చో."

"ఫర్వాలేదు మేడం, నిలబడతా. పొద్దస్తమానం కూర్చునే ఉద్యోగమేగా నాది. మాస్టారూ, ఒంట్లో బాలేదా? మొహం అలా ఉందేంటి?"

"బాగానే ఉందిరా."

"అన్నా, సూటిగా అడుగుతా. సాయంత్రం పూట బస్సు ఎక్కడికెళ్తోంది?"

"రూట్లోకే మేడం."

"రూట్లో వెళ్తే అంత డీజిల్ అవ్వదు."

"సాయంత్రం ట్రాఫిక్కు కదా."

"మాస్టారు కూడా అదే అన్నారు. ఇద్దరూ ఒకే బళ్ళో చదివారా?"

"మాస్టారు ఇంకేమన్నారు మేడం?"

"ఆయన సంగతి నీకెందుకు? నువ్వు చెప్పు. నాలుగింటికి మేనేజరు నిన్ను పిలుస్తారు. ఆయన నాలా అడగరు."

"అయితే రాసుకోండి. నేనే అమ్ముకున్నాను."

"ఒరేయ్!"

"మీరూరుకోండి మాస్టారూ. నేనే మేడం. ట్యాంకులో పైపు పెట్టి తీసి, లారీవాళ్ళకి అమ్మేశాను."

"మరి టైర్లెందుకు అరిగాయి?"

"టైర్లా?"

"ఆ, టైర్లు. పైపు పెట్టి వాటిని కూడా తీశావా?"

"అదీ... అంటే... బయటి ట్రిప్పులు కూడా వేశాను. పెళ్ళివాళ్ళకి."

"రోజూనా? రోజూ సాయంత్రం పెళ్ళయితే ఊళ్ళో ఒక్క బ్రహ్మచారీ మిగలడు కదన్నా."

"నేనే అంటుంటే మీకెందుకు మేడం ఇదంతా?"

"మాస్టారి వైపు చూడకు. నన్ను చూసి చెప్పు. దొంగ అని ముద్ర వేసి పంపించేస్తే రేపు ఇంకెవరైనా నీ చేతికి స్టీరింగ్ ఇస్తారా? ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు."

"ముగ్గురు మేడం. చిన్నది ఈ మధ్యే నడక నేర్చింది."

"ముగ్గురు! వాళ్ళ మొహం చూసైనా చెప్పవా?"

"మాటిచ్చాను."

"ఎవరికి?"

"అది చెప్తే ఇక మాటేముంది మేడం?"

"నువ్వెళ్ళరా. వెళ్ళి బస్సు దగ్గరుండు. నేను మాట్లాడతాను."

"మీరేం మాట్లాడొద్దు మాస్టారూ. నా బతుకు నేను చూసుకుంటా, రెక్కలున్నాయి. మీకైతే ఆ ఇంట్లో..."

"వెళ్ళమన్నానా!"

"ఆ ఇంట్లో ఎవరున్నారు మీకు? అక్కగారు పోయిన దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాగా."

"ఏంటన్నా? ఏమన్నావు? అక్కగారు పోయారా?"

"నోరు జారాను మేడం. మాస్టారూ, తప్పయిపోయింది."

"మాస్టారూ, ఇందాక ఊళ్ళో లేరన్నారు!"

"లేదుగా మరి."

"ఎప్పుడు?"

"వానలకి ముందు."

"ఇన్నాళ్ళయిందా? మాలో ఒక్కరికీ చెప్పలేదు! కనీసం సెలవైనా..."

"పెట్టాను. జ్వరమని పెట్టాను."

"జ్వరమనా?"

"ఏమని పెట్టమంటావు? భార్య పోయిందంటే ఫ్యాక్టరీ మొత్తం కదిలి వస్తుంది. తల్లి పోయిందన్నా వస్తారు. అక్క పోయిందంటే, పెద్దావిడేగా అంటారు, మంచి చావే అంటారు, మర్నాడు రీళ్ళు దిగాయా అంటారు. చిన్నప్పట్నుంచీ ఆ ఇంట్లో ఆవిడా నేనే. ఇద్దరిలో ఒకరం పెళ్ళి చేసుకుంటే రెండోవాళ్ళు ఏమైపోతారోనని ఇద్దరం చేసుకోలేదు. ఇదంతా ఎవరికని చెప్పను? జ్వరమంటే తగ్గిందా అని అడిగి వదిలేస్తారు."

"నేను అలా అనేదాన్ని కాదు."

"నువ్వనవులే."

"మరి ఈయనకి మాత్రం ఎలా తెలుసు?"

"నాకెలా తెలియదు మేడం? రోజూ బస్సు ఆగేసరికి అక్కగారు గేటు పట్టుకుని నిలబడేది. 'మా తమ్ముణ్ణి కుదుపుల్లేకుండా తెచ్చావా?' అనేది. తమ్ముడికేమో నెత్తిమీద ఒక్క నల్లవెంట్రుక లేదు. ఒకరోజు చూద్దును కదా, గేటు దగ్గర ఎవరూ లేరు. ఇంట్లో లైటు లేదు. ఏమైందని అడిగితే మాస్టారు..."

"చాల్రా. ఇక చాలు. నువ్వు వెళ్ళు."

"వెళ్తున్నా. మేడం, నేను చెప్పినట్టే రాయండి. మాస్టారిని ఏమీ అడక్కండి."

"అన్నా, ఆగు! వెళ్ళిపోయాడు. మాస్టారూ, మీరు ఇటు చూడండి. ఆయన ఎవరికి మాటిచ్చాడు?"

"నీ ఫోను మోగుతోంది."

"మోగనివ్వండి. ఎవరికిచ్చాడు?"

"మేనేజరు ఫోనేమో చూడు. ఎత్తు."

"ఆ, చెప్పండి సార్... స్టోర్సులో ఉన్నాను సార్... డ్రైవరు ఇప్పుడే ఇక్కణ్ణించి వెళ్ళాడు... ఒప్పుకున్నాడు కానీ సార్, నాకు నమ్మకం లేదు... పోలీసులు దేనికి సార్? ఒక్క రోజు టైమివ్వండి... అయ్యో, సెక్యూరిటీని అప్పుడే పంపించేశారా?"

"ఫోను నాకిలా ఇవ్వు."

"మాస్టారూ, ఒక్క నిమిషం. ఆయనసలే కోపంగా ఉన్నారు. మీరు రిటైరయ్యే ముందు ఎందుకు ఇందులో..."

"ఇవ్వమ్మా."

"ఇదిగోండి."

"హలో సార్, నేను, స్టోర్సు. సెక్యూరిటీని వెనక్కి పిలవండి, ఆ డ్రైవరు ఏ పాపం ఎరగడు. డీజిల్ కాల్పించింది నేను... అవును సార్, నేనే. ఎవరికీ అమ్మలేదు. బస్సులోనే కాలింది, రోజూ. దూరం కనబడకూడదని మీటరు కేబుల్ ఇవ్వకుండా అరలో పెట్టింది కూడా నేనే... ఎక్కడికెళ్ళానా? ఎక్కడికీ వెళ్ళలేదు సార్. అందరూ దిగిపోయాక బైపాసు మీద ఒక చుట్టు, అది అయ్యాక ఇంకో చుట్టు. వాడు తన పిల్లల కబుర్లు చెప్తాడు, నేను వింటాను. మా వీధి మలుపు రాగానే వాడు బ్రేకు మీద కాలేస్తాడు, నేను పోనీరా అంటాను. ఇంటి దగ్గర పిల్లలు చూస్తుంటారు మాస్టారూ, ఇవాళ్టికి చాలు అని ఎన్నోసార్లన్నాడు. విననట్టు కూర్చున్నాను. కాదనలేడని తెలుసు కనకే అడిగాను... లేదు సార్, తెలియక చేసింది కాదు. బుద్ధి తెలిసే, మా ఇల్లు రాకూడదని చేశాను."