మొరాయించేదే ఎయ్యి

మనవరాలు పూణే ఉద్యోగానికి బ్యాగు సర్దుకుంటోంది. దుర్గ్ దగ్గర ఖుర్సీపార్‌లోని ఇంట్లో అందరి ఫొటోలూ దాచి, టీవీకి తగిలించిన పాత కంప్యూటర్‌కి కొత్త సిస్టమ్ ఎక్కించడం ఒక్కటే మిగిలింది.

“మామ్మా, రెండున్నాయి. డెబియన్ వేస్తే ఏళ్ల తరబడి దాని మానాన అది నడుస్తాది. ఆర్చ్ అయితే వారం వారం చూసుకోవాల. లేదంటే ఎప్పుడో మొరాయిస్తాది.”

“ఆ మొరాయించేదే ఎయ్యి.”

“అరే, ఎవరైనా అలా అడుగుతారేటి? అది ఆగిపోతే నీకు టీవీలో తాత ఫొటోలు కనబడవు.”

“ఆగిపోతే నువ్వొస్తావు కదా.”

“రానక్కర్లేదు మామ్మా. పూణేలో కూచునే బాగుచేసేస్తాను.”

“అలా కుదరకుండా చెయ్యలేవేటి?”

“ఇదా నీ భయం! ఠీక్ హై, ఆర్చే ఎక్కిస్తాను. అక్కణ్నుంచి ముట్టుకునే దారి కూడా మూసేస్తాను. పాడైతే నేనే రావాల. సరేనా?”

“ఊఁ.”

“ఇంకా ఆ మొహమేటి? దసరాకి టికెట్ తీసేశాను, నీకు చూపించాను కూడా.”

“మీ కుసుమత్త కూడా రానూ పోనూ టికెట్లు తీసుకునే ఎల్లింది. తొంభై ఎనిమిది జూన్ పన్నెండున దుర్గ్‌లో రైలెక్కించాను. మళ్లీ రాలేదు.”