ఏ ఇంటి దోమ?

ఐనవిల్లి దాటాక కాలవ గట్టు మీద ఇల్లు. కొత్తగా వచ్చిన నర్సు ప్రశాంతి, సూర్యనారాయణకీ ఆయన భార్య భవానీదేవికీ వేలు పొడిచి బోదకాలు పరీక్ష చేసింది.

"పిన్నిగారూ, మీకేం లేదండి. బాబాయిగారికే... రెండు గీతలొచ్చేయి. ఒంట్లో పురుగుందండి."

"ఆయనకుండి నాకు లేకపోడవేంటమ్మా? ఒకటే మంచం. ఒకటే దోమతెర."

"మగాళ్ళకే ఎక్కువండి. ఆడాళ్ళ ఒంట్లో ఆ పురుగు అంత తేలిగ్గా నిలదొక్కుకోలేదంట."

"విన్నావా భవానీ? పురుగులు కూడా మీ ఆడాళ్ళకి భయపడతన్నాయ్!"

"మీరూరుకోండి. మనింటి దోమైతే నన్నూ కుట్టాలి. ఏ ఇంటి దోమండీ అది?"

"దోమకి డోర్నెంబరుంటుందా ఏంటే! మొన్నోటొచ్చింది చూడమ్మా ప్రశాంతీ, కొబ్బరికాయంతుంది. నా కండువా ఎగరేసుకుపోయి కొబ్బరిచెట్టు మొవ్వులో దాచుకుంది. పెళ్ళానికి చీరంట!"

"కుట్టేది ఆడదోమేనండి బాబాయిగారూ. మగదోమ కుట్టదు."

"ఆడదా! చూసేరా? ఆడదంట!"

"ఓసి నీ అనుమానం దొంగలెత్తుకెళ్ళా! దోమ మీద కూడానా?"

"దోమ మీద కాదు. సాయంత్రవయ్యేసరికి ఆ క్రిస్టీనా అరుగు మీద చతికిలపడేవారు కదా, అక్కడి దోమే."

"క్రిస్టీనాగారంటే నా ముందు చేసిన నర్సమ్మగారేనాండి?"

"ఆయ్, ఆవిడేనమ్మా. నేను బీపీ చూపించుకోడానికెళ్ళేవాణ్ణి."

"రోజూ గంటసేపా?"

"ఎక్కువుండేది మరి. నీ దయ."

"అది వదిలెయ్యండి పిన్నిగారూ. కాలింకా వాచలేదు, మందు వాడితే ఆగుతుంది. ఏటా పంచే మాత్రలు మింగేరా బాబాయిగారూ?"

"మింగేరు."

"నేనాయన్నడిగేనండి."

"మింగేరన్నాను కదా. రాసుకో."

"ఆవిడున్న మూడేళ్ళూ మింగేనమ్మా. భోంచేసేక వేసుకోమని క్రిస్టీనాగారు నా పేరు రాసి పొట్లం కట్టిచ్చేవారు."

"అయ్యో, చేతికివ్వకూడదండీ! ఎదురుగా మింగించాలి."

"ఈయనకి రూల్సెక్కడివిలే. నాకేమో దోసిట్లో పోసి, మింగు మింగని మీద నిలబడేది. ఈయనకి పొట్లం! పైన గుండ్రంగా పేరు!"

"మింగేక తల తిరగడం గట్రా ఏవన్నా అయ్యేదాండి?"

"నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు. ఇదుగో, ఈవిడే రెండ్రోజులు మంచం దిగేది కాదు."

"అంతలాగానా పిన్నిగారూ? ఎన్ని మింగేరేంటి?"

"ఎన్నిస్తే అన్ని. కాఫీ తాగుతావా అమ్మా?"

"ఉండవే. నిజం చెప్పొద్దూ ప్రశాంతీ, ఆవిడిచ్చిన మాత్రలెంత కమ్మగా ఉండేవో! నోట్లో వేసుకుంటే చల్లగా, తియ్యగా..."

"తియ్యగానా? చేదుగా ఉంటాయండి."

"చేదేంటమ్మా, పిప్పరమెంటు బిళ్ళల్లాగుంటేను! భవానీ, నువ్వే కదా పొట్లం విప్పి మంచినీళ్ళతో ఇచ్చేదానివి. చెప్పు... భవానీ?"

"పాలు పొంగుతున్నాయ్, చూసొస్తా."

"గేసయిపోయిందన్నావు కదే పొద్దున్న!"

"పిన్నిగారూ, ఇలా కూర్చోండి."

"మా నాన్న కాలు మర్చిపోయేవా భవానీ? పదేళ్ళు ఏ చెప్పూ పట్టలేదు. రోజూ నువ్వే కడిగేదానివి."

"మర్చిపోలేదండి."

"మరి నా మాత్రలేం చేసేవు?"

"ఆవిడ మీ పేరు రాసిచ్చింది మీ కడుపులోకెళ్ళడవేంటని... పారేస్తే పాపవని... మూడేళ్ళూ మీ వంతు కూడా నేనే మింగేసేనండి."