నీలం రాని పట్టీ

ఇనుము సంగతి నాకు సెప్పకు స్టాన్లీ బాబూ. యాభై ఏళ్ళు ఈ సాలూరులో లారీల కిందే బతికినోణ్ణి. విజయనగరం కాలేజీలో పాఠాలు సెప్పే నీకు పోలీసులు లారీ కింద ఇరిగిన ఆ కమాను పట్టీ అప్పగించేరు, నువ్వు పెద్ద అద్దం కింద ఎట్టి సూసేవు. బాగుంది. మరి తప్పు సేసినోడని రిపోర్టులో నా కూలోడు పోతురాజు పేరెందుకు రాసేవు?

ఏటి? వాడే కాల్చేడని షెడ్డులో అందరూ సెప్పేరా? సెప్తారు. ఈ సీమోను మేస్త్రీ సెయ్యి తప్పదని సెప్పుకునే ఊరు కదా ఇది. మేస్త్రీ తప్పకపోతే తప్పినోడు కూలోడే అవ్వాల.

నీ మాట నాకు తలకెక్కనేదనుకోకు. ఎర్రగా కాలిన ఇనుము నిదానంగా సల్లారితే లోపల ఓ మూల మెత్తని గింజ పుడతాదన్నావు. మరీ సిన్నదైతే మళ్ళీ కరిగిపోతాదన్నావు. ఓ మేర దాటి పెరిగిందా, ఇంక ఆగదన్నావు. అదే నూనెలో ముంచీసేమనుకో, గింజ పుట్టడానికి టైమే ఉండదు, లోపలంతా సూదులు సూదులుగా బిగుసుకుపోతాది. అంతేనా? నీ పుస్తకం అన్నదీ నా సేతులు అన్నదీ ఒకటే. ముంచిన పట్టీ గాజు లాంటిది.

అందుకే రెండో కాక. ముంచిన పట్టీని ఇటిక ముక్కతో తెల్లగా రుద్ది, సన్నని సెగ మీద ఎడతాం. దాని మీద రంగులు నడుస్తాయి. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత వంకాయ రంగు, ఆ ఎనక నీలం. నీలం దిగేదాకా పట్టీకి వంగి లేచే గుణం రాదు. గడ్డి రంగులో తీసీసేవో, అది ఉలికి పనికొస్తాది గానీ లారీకి కాదు.

డ్రైవరు నాగబాబు లారీకి ఎక్కింది గడ్డి రంగు పట్టీ. నువ్వు రాసింది నిజమే. ఘాటీ మలుపులో ఇరిగింది, లారీ లోయలోకి పోనాది. దాంతో పాటే వాడూ పోనాడు, ముప్పై నాలుగేళ్ళోడు. వాడి పెళ్ళాం కుమారి వొచ్చి నా కొలిమి ముందు నిలబడ్డాది. ఏడవనేదు బాబూ, ఏడిసినా బాగుణ్ణు. పోతురాజు మొహం కేసి సూసి ఎల్లిపోనాది. ఆ మర్నాటి నుంచి వాణ్ణి ఏ షెడ్డోడూ గుమ్మం తొక్కనివ్వడం నేదు. రేపు స్టేషన్‌కి రమ్మన్నారట.

పోతురాజు నా పెళ్ళాం అన్నమ్మకి తమ్ముడు. ఇరవై రెండేళ్ళు నాకు సమ్మెట కొట్టేడు. ఇంత జరిగినా ఎవరితోనూ ఒక్క ముక్క అన్నేదు. అందుకే నేనొచ్చేను.

మూడేళ్ళ కిందట నీలం నాకు కనపడ్డం మానీసింది. అన్నీ బూడిదలా ఉండీవి. కళ్ళల్లో శుక్లాలు. ఆపరేషన్ సేయించుకో అంది అన్నమ్మ. మేస్త్రీకి కళ్ళు పోయేయంటే లారీలోళ్ళు ఇంకో షెడ్డుకి పోరా? నేనొప్పుకోనేదు. ఇంక అది కొలిమి పక్కన కూకుని, సింతపండు ఈనెలు తీస్తా, నీలం రాగానే దగ్గీది. దగ్గు ఇని నేను పట్టీ తీసీవోణ్ణి. ఊరికేటి తెలుసు?

పోయిన ఆగస్టులో అన్నమ్మ జ్వరమొచ్చి పోనాది. చర్చి సంఘపోళ్ళు పాటలు పాడి మట్టిచ్చేరు. మూడో రోజునే కొలిమి ఎలిగించేను. అప్పట్నుంచీ అందాజే.

పోతురాజు కనిపెట్టీసేడు. బావా, రంగు నేను సూస్తానన్నాడు. ముందు సమ్మెట తిన్నగా పట్టుకోడం నేర్చుకోరా అన్నాను, నలుగురిలో.

ఆ రోజు నాగబాబు పక్కనే నిలబడి ఉన్నాడు. సరుకు అందించాలని తొందర. పోతురాజు నా సెవి దగ్గరికొచ్చి మెల్లిగా అన్నాడు.

“బావా, ఇంకా గడ్డి రంగే. నీలం రానేదు.”

“నాకు రంగులు నేర్పుతావేట్రా? తియ్యి.”

నాగబాబు నవ్వేడు బాబూ. పోతురాజు ఈపు తట్టి, మేస్త్రీ తియ్యమంటే తియ్యాలిరా అన్నాడు. తీసేడు. బిగించేం. టీ తాగి ఎల్లిపోనాడు.

కళ్ళు కనపడ్డం నేదని ఆ మూడేళ్ళ కిందట ఒక్క మాట అనుంటే ఆ గింజ అక్కడే కరిగిపోయీది. నేను పెంచేను.

నా ముసలి కళ్ళ మీద జాలి రాయకు. పోతురాజు సెప్పేడు, సీమోను ఇన్నేదు. అంతే రాయి.

రాసేవా? పెన్ను ఇలాగియ్యి. సంతకం ఎక్కడెట్టాలో, నా ఏలు పట్టుకుని అక్కడ ఆనించు.