ఏ నూనె పొయ్యమంటారు?

1957. పర్చూరులో జక్రయ్య మోటారు సైకిళ్ల షెడ్డు. ముందు చక్రం ఊడదీసిన పాత మిలిటరీ బండి, దాని పక్కన బండి సొంతదారు రాఘవులు, కాస్త దూరంగా నులకమంచం మీద ఆయన భార్య మాణిక్యమ్మ.

"ఆముదమా? ముందు చక్రం ఫోర్కులో ఆముదం పోశారా రాఘవులు గారూ?"

"పోశానయ్యా జక్రయ్యా. పోస్తే ఏం?"

"ఏమా? ఇటు చూడండి. ఇది నూనా, జిగురా? వేలు పెడితే ఊడి రావట్లా."

"మా ఎడ్లబండి ఇరుసుకి మా తాత నాటి నుంచీ ఆముదమే పూస్తున్నాం. ఒక్కనాడూ కిర్రుమన్లా."

"ఇరుసు వేరండీ. ఇరుసు తిరుగుద్ది. ఇది గొట్టంలో గొట్టం, పైకీ కిందకీ ఆడాలి. ఆడినప్పుడల్లా లోపలి నూనె సన్నటి బెజ్జంలోంచి పారాలి. ఆముదం ఏం పారుద్ది? గడ్డకట్టి కూచుంది. పైన సీలు చిరిగింది, రేగడి దుమ్మంతా లోపలికి దిగింది. ఇదుగో బుష్షు. గొట్టం ఒరుసుకోకుండా కాపాడేది ఇదే. కాగితంలా అరిగిపోయింది."

"చిక్కటి నూనె పోస్తే మెత్తగా పోద్దనుకున్నా."

"తిరగబడింది మీ లెక్క. చిక్కటిదైతే గట్టిగా ఉంటది, రోడ్డు మీద ప్రతి రాయీ మనిషికి తగులుద్ది. పల్చటిదైతే మెత్తగా దిగుద్ది."

"నేనప్పుడే చెప్పాను. దొడ్లో గుంట దాటితేనే నా పళ్లు టకటకా కొట్టుకున్నాయని చెప్పానా లేదా?"

"నువ్వు మాట్లాడకు మాణిక్యం. మాట్లాడితే దగ్గొస్తది."

"మాట్లాడకపోయినా వస్తోందిగా."

"ఇదుగో, వచ్చింది. చెబితే వింటేనా? జక్రయ్యా, కాసిని నీళ్లు! తొందరగా!"

"తెస్తున్నా, తెస్తున్నా. ఇదుగోనమ్మా. నెమ్మదిగా. నెమ్మదిగా తాగండి."

"అమ్మయ్య. చల్లగా ఉన్నాయి జక్రయ్యా. గ్లాసు ఎక్కడ పెట్టను? కడిగి పెడతాలే."

"వద్దమ్మా, వద్దు. అది... అది మీ దగ్గరే ఉంచేసుకోండి. దారిలో పనికొస్తది."

"అట్లాగా."

"ఇంట్లో పసిపిల్ల ఉందమ్మా. వేరే అనుకోబాకండి."

"ఏమనుకుంటాను? నవ్వొస్తోంది, అంతే. కిందటేడు నీ షెడ్డు ముందు బండి ఆగిపోతే, నాలుక పిడచగట్టినా మీ ఇంటి నీళ్లు ముట్టుకోలా నేను. మీ ఇంట్లో తాగితే మా అత్త గడప తొక్కనివ్వదని. ఇవ్వాళ నేను తాగిన గ్లాసు నీకు పనికిరాదు. సరిపోయింది."

"మాణిక్యం!"

"ఉన్నమాటేగా అన్నాను."

"నువ్వు బుష్షుల సంగతి చెప్పు జక్రయ్యా. బండి ఎప్పటికిస్తావు?"

"కొత్త బుష్షులూ సీళ్లూ మద్రాసు నుంచి రావాలండి. నెల పట్టుద్ది."

"నెలా? రేపు పొద్దున బయల్దేరాలయ్యా!"

"రేపా? ఎక్కడికండీ?"

"మంగళగిరి. శానిటోరియంలో మంచం ఖాళీ అయింది. ఎల్లుండిలోపు రాకపోతే ఇంకోళ్లకి ఇచ్చేస్తామని కబురు. ఎంతమంది కాళ్లు పట్టుకుంటే దొరికిన మంచమో నీకు తెలీదు."

"అయితే బస్సులో—"

"బస్సులోంచి మొన్న మార్టూరు దగ్గర దింపేశారు. నడిరోడ్డు మీద. ఈవిడ కొంగులో నెత్తురు చూసి పక్కనావిడ ఒకటే గోల. క్షయ అన్నమాట వింటే చాలు, మనుషులు మనుషులుగా ఉండట్లేదు."

"అద్దె కారు?"

"పేట టౌను నుంచి పిలిపించా. డ్రైవరు ఈవిడ్ని చూశాడు, తలుపు తియ్యకుండానే బండి తిప్పుకున్నాడు."

"ఎడ్లబండి ఉందిగా మీకు?"

"అదీ అయింది. అడుగున గడ్డి, గడ్డి మీద పరుపు, పరుపు మీద ఈవిడ. యద్దనపూడి దాటకముందే కుదుపుకి దగ్గు ఎత్తుకుంది. పరుపంతా నెత్తురు. వెనక్కి తెచ్చుకున్నా. కుదుపు తగలకూడదు జక్రయ్యా. కుదుపు తగిలితే దగ్గు, దగ్గితే నెత్తురు. అందుకే నీ దగ్గరకొచ్చా. ముందు మెత్తగా దిగేట్టు చేసిపెట్టు, చాలు."

"ముందు చేస్తానండి. వెనకో? ఈ బండికి వెనక స్ప్రింగే లేదు. యుద్ధంలో సిపాయిలు ఎక్కిన బండి, వాళ్ల నడుముల గురించి ఎవడాలోచించాడు? అమ్మగారు వెనక కూచుంటే చక్రం మీద కూచున్నట్టే. ముందు నేనెంత చేసినా ఆమెకి అందదు."

"వెనక కూచోదు."

"మరి?"

"నా ముందు. ట్యాంకు మీద పత్తి దిండేసి కూచోబెట్టుకుంటా. పిల్లల్ని కూచోబెట్టినట్టు. జారకుండా దుప్పటితో నాకు కట్టేసుకుంటా."

"ట్యాంకు మీదా? అమ్మగారినా?"

"చూశావా జక్రయ్యా! బండి కొన్న కొత్తలో వెనక కూచుంటేనే మా అత్త ఊళ్లో తలెత్తుకోలేనంది. రేపు పట్టపగలు పర్చూరు బజార్లో మొగుడి ఒళ్లో కూచుని ఊరేగుతా. చూడ్డానికి రా."

"నవ్వకు. మళ్లీ దగ్గొస్తది."

"రానీండి. నవ్వి ఎన్నాళ్లయింది?"

"సరేనండి, ట్యాంకు మీదంటే బరువు ముందుకే వస్తది. బరువుని బట్టి నూనె. అమ్మగారు... ఎంత ఉంటారు?"

"అది నీకెందుకయ్యా?"

"తెలీకపోతే ఏ నూనె పొయ్యాలో ఎట్లా తేల్చేది?"

"మామూలు మనిషి. అందరిలాగే."

"అందరిలాగే అంటే—"

"చెప్పొచ్చుగా, దాపరికమెందుకు? మొన్న మా మిరపకాయల కొట్లో ఈయన నన్ను కాటా ఎక్కించాడు జక్రయ్యా. కాటా తప్పు చూపిస్తోందేమోనని గుమాస్తా మళ్లీ తూచాడు. పక్కనే ఎండుమిరపకాయల టిక్కీ బస్తా ఉంది. అదే నాకంటే ఎక్కువ మొగ్గింది."

"మాణిక్యం, ఎండ ముఖాన పడుతోంది. ఆ గోడ అవతల నీడ ఉంది, మంచం జరుపుతా. కాసేపు పడుకో."

"నన్ను పంపించేస్తున్నారన్నమాట. సరే. మంచం జక్రయ్యని తేనివ్వండి, మీరు నా చెయ్యి పట్టుకోండి."

"మెల్లగా... ఆ, పడుకో... జక్రయ్యా, ఇటు రా. ఇంకా ఇటు రా. ఆవిడికి వినపడకూడదు."

"చెప్పండి."

"నిజం చెప్పు. రేపటికవుద్దా?"

"ఇత్తడి ముక్కొకటుంది. చీరాల పోయి లేతు మిషను మీద బుష్షులు తిప్పించుకొస్తా. సీళ్లకి తోలు కత్తిరించి కొవ్వులో నానబెట్టి వేస్తా. గొట్టాలకి గీతలు పడ్డాయి, గీకి నున్నగా చేస్తా. అంతా అతుకుల పనేనండి. మంగళగిరి దాకా పోద్దని చెప్పగలను. ఆ తర్వాత నాకు తెలీదు."

"అక్కడి దాకా చాలు."

"చాలంటారేంటండీ? రెణ్ణెల్లకో మూణ్ణెల్లకో అమ్మగారిని తీసుకురావద్దా? ఈలోపు మద్రాసు సామాను తెప్పిస్తా. మళ్లీ విప్పి, శుభ్రంగా—"

"జక్రయ్యా."

"ఆ?"

"రెండు ఊపిరితిత్తులూ పోయినయ్యంట. గుంటూర్లో ఫొటో తీసి చూశారు. ఇంక సూదులు పొడిచినా దండగే అన్నాడు డాక్టరు."

"దేవా!"

"మంచం ఇస్తోంది నయం చెయ్యటానికి కాదు. ఇంట్లో ఉంటే పిల్లలకి అంటుకుంటుందని."

"అమ్మగారికి తెలుసా?"

"తెలీదు. తెలియనివ్వను. రెణ్ణెల్లలో నయమై వస్తావని చెప్పా. నువ్వూ అదే అను."

"అంటానండి. కానీ... మంచికో చెడుకో ఇంట్లోనే ఉంచుకుంటే పోయేదేమో. ఇంత దూరం, ఈ అవస్థ..."

"ఇల్లెక్కడిదయ్యా ఆవిడికి? మా అమ్మ దొడ్లో పాక వేయించింది. చలికాలమంతా అందులోనే. అన్నం పళ్లెం గుమ్మంలో పెట్టి వెళ్లిపోతారు. పిల్లలు అల్లంత దూరాన నిలబడి అమ్మా అంటారు, అక్కడినుంచే ఆవిడ పలుకుద్ది. శానిటోరియంలో నర్సు ఉంటది. చెయ్యి పట్టుకుని చూసే మనిషి ఉంటది."

"మీరు పట్టుకోట్లేదా?"

"నేనొక్కణ్ణే పట్టుకుంటున్నా. నేనొక్కణ్ణి ఏం చాలతాను? డాక్టర్ల వల్ల కాలా, మందుల వల్ల కాలా. ఇంక నా చేతిలో మిగిలింది ఒకటే. కుదుపు లేకుండా అక్కడ దించటం. అదన్నా సరిగ్గా చెయ్యలేకపోతే నేనెందుకు జక్రయ్యా?"

"ఊరుకోండి. ఊరుకోండి బాబూ. ఇదుగో, గుడ్డ. ముఖం తుడుచుకోండి."

"ఇది నూనె గుడ్డ."

"అయ్యో, ఇంకోటి ఇస్తా, ఉండండి... పల్చటి నూనె పోస్తాను. కుట్టుమిషను నూనె కలిపి, దూది మీద పోయినట్టుగా చేస్తాను. కానీ ఒక మాట."

"ఏంటి?"

"నడిచిపోయినంత మెల్లగా పోవాలి. స్ప్రింగులు కూడా చచ్చిపోయి ఉన్నాయి. అంత పల్చటి నూనెతో జోరు చేస్తే గుంటలో ముందు భాగం ఒక్కసారి కూలబడుద్ది. హ్యాండిలు చేతుల్లోంచి లాగేసుకుంటది. మా వీధిలో బుల్లయ్య గారి అల్లుడు అట్లాగే పోయాడు. నా కళ్లతో చూశా."

"ఆవిడ్ని ముందు పెట్టుకుని జోరెందుకు చేస్తా?"

"పోయేటప్పుడు చెయ్యరు. వచ్చేటప్పుడు?"

"వచ్చేటప్పుడు..."

"ఒంటరిగా వస్తారు. మనసు మనసులో ఉండదు. ఆ కంకర రోడ్డు. నాకు భయంగా ఉందండి. ఇరవై నంబరు నూనె పోస్తాను, ఈ బండికి అదే మామూలు. కుదుపు కాస్త తెలుస్తది గానీ—"

"కాస్తంటే నెత్తురు! ఎన్నిసార్లు చెప్పాలి? పల్చటిదే పొయ్యి."

"పోనీ, అక్కడ ఆమెని దించాక ఎవరిచేతనన్నా నూనె మార్పించుకోండి. డబ్బాలో పోసి ఇస్తా."

"అక్కడెవడు మారుస్తాడు? ఆవిణ్ణి వదిలేసి వచ్చేవాణ్ణి, నూనె మార్చుకుంటూ కూచుంటానా?"

"అందుకేనండి నేననేది. మీకేమన్నా అయితే ఆ పిల్లలకి—"

"నా సంగతి నీకెందుకు? నేనెట్లా వస్తే ఏం? వస్తే ఏం, రాకపోతే ఏం? పల్చటిదే పొయ్యమన్నానా!"

"అరవకండి. అమ్మగారు లేచారు. గోడ పట్టుకుని ఇటే వస్తున్నారు."

"ఏంటండీ ఆ కేకలు? నూనె దగ్గర తగువేంటి ఇద్దరికీ?"

"తగువేం లేదు మాణిక్యం. పల్చటిది పోయిస్తున్నా. పువ్వులాగా పోతావు. రెణ్ణెల్లయ్యాక ఇట్లాగే ముందు కూచోబెట్టుకుని పువ్వులాగా వెనక్కి తెచ్చుకుంటా. ఏం జక్రయ్యా, చెప్పవేం?"

"అవునమ్మా. రెణ్ణెల్లలో నయమై వస్తారు. అప్పటికి... అప్పటికి కొత్త బుష్షులు కూడా వచ్చేస్తాయి."

"పల్చటిది వద్దు జక్రయ్యా, మామూలుదే పొయ్యి. పోయేటప్పుడు కుదుపు నేను ఓర్చుకుంటాలే. వచ్చేటప్పుడు ఆయనొక్కడే గదా, పడితే లేపటానికి పక్కన నేనుండను."