తెర మీది వణుకు

బ్రాడీపేటలో రిటైరైన ఫిజిక్స్ మాస్టారొకరు పాత డబ్బా కంప్యూటర్ ముందు కూర్చుని భార్యను పిలిచారు.

"ఇలా వచ్చి చూడు. తెర ఇంకా వణుకుతోందా?"

"లేదండీ, నిలకడగా ఉంది. ఏం చేశారు?"

"సెకనుకు అరవైసార్లు వెలిగి ఆరేది. సెట్టింగుల్లో ఎనభై అయిదుకు మార్చాను."

"అంతేనా? ఆ వణుకుతో వచ్చే తలనొప్పి భరించలేకే కదా, మిరపకోతల పాటలు టైపు చేయడం సగంలో మానేశాను."

"అప్పట్లో నాకు వణుకేమీ కనిపించలేదు."

"ఎలా కనిపిస్తుంది? మీ చూపంతా తలనొప్పి పోవాలని నేను కంప్యూటర్‌కు కట్టిన నిమ్మకాయ మీదే ఉండేది. మూఢనమ్మకమని వారంపాటు ఉపన్యాసమిచ్చారు."

"నిమ్మకాయతో తలనొప్పి తగ్గదు. ఇప్పటికీ అదే అంటాను."

"తగ్గలేదు లెండి. కానీ నొప్పి నిజమే కదండీ."

మాస్టారు కళ్లద్దాలు తీసి నెమ్మదిగా తుడుచుకున్నారు. నిమ్మకాయతో పాటు ఆమె నొప్పిని కూడా ఆయన ఆనాడే కొట్టిపారేశారు.

"మిగతా పాటలు ఇప్పుడు మొదలుపెట్టు."

"అవి కాగితం మీద ఎక్కడున్నాయండీ? మా అమ్మ చేలో పాడుతుంటే విన్నవి. చాలా చరణాలు మరిచిపోయాను."

"గుర్తున్నంత వరకు చెప్పు. నేను కొడతాను."

ఆమె రెండు పాదాలు చెప్పి, మూడోదాని కోసం కళ్లు మూసుకుంది. ఆయన వేళ్లు మీటల మీదే ఆగాయి. నిశ్చలమైన తెర మీద కర్సర్ ఒక్కటే వెలిగి ఆరుతూ ఉంది.