చిన్నమ్మగారి చెంప

ఆ ఫొటోలో ఉన్నావిడా? మా చిన్నమ్మగారే! పోయి ఇరవయ్యేళ్ళు దాటింది. నువ్వు రోజూ మొహానికి రాసుకునే క్రీము ఉందే, ఆ కంపెనీ వాళ్ళ నాన్నది. ఎన్ని దేశాల్లో అమ్ముతారో లెక్కే లేదు. ఒక్కతే కూతురు. వారసురాలంటే కాలు మీద కాలేసుక్కూర్చుంటుందనుకున్నావా? నేను క్రీము కలిపే గదిలో పనిచేసేదాన్ని కదా, నాకు తెలుసు. తయారైన ప్రతి వాయీ ముందు ఆవిడ ఎడమ చెంపకి రాసుకోవాల్సిందే. మర్నాటికి చెంప బాగుంటేనే సరుకు గేటు దాటేది. "అదేం పిచ్చే, దానికి వేరే మనుషులున్నారుగా!" అని వాళ్ళ నాన్న, అదే మా పెద్దయ్యగారు, గొణిగేవారు. ఆయన గొణుగుడు ఎవరు విన్నారు గనక! ఆయనా మంచాయనేలే, కోపమొస్తే మాత్రం బట్టతలంతా ఎర్రబడిపోయేది... ఏం చెబుతున్నాను? ఆ, వాయి. క్రీము చల్లారాకే సెంటు పొయ్యాలి, వేడి మీద పోస్తే వాసన ఎగిరిపోతుంది. ఓ రోజు తొందరపడి వేడి మీదే పోసేశాను. మూత తీసి చూద్దును గదా, వాసనే లేదు! ఈ పని పోతే మీ అమ్మని బడి మాన్పించాల్సిందే. ఎవరికీ చెప్పకుండా ఇంకో కొలత పోసి కలిపేశాను. నవ్వకే, అమ్మమ్మ చెబుతుంటే!

మర్నాడు చిన్నమ్మగారు కారు దిగితే చూడాలి, చెంప పొంగి, కందిపోయి ఉంది. సరిగ్గా ఆ రోజే పైదేశం నుంచి కొనేవాళ్ళు వస్తున్నారు. పెద్దయ్యగారు నెత్తి కొట్టుకున్నారు. "పౌడరన్నా పూసుకో! లేదా లోపల కూర్చో, నేను మాట్లాడతాను!" ఆవిడ వింటేనా? ఉత్త మొహంతో వెళ్ళి వాళ్ళకెదురుగా కూర్చుంది. అద్దాల తలుపు ఇవతల నుంచి నేను చూస్తూనే ఉన్నా. "ఇవాళ సరుకివ్వలేను. ఎందుకో నా చెంప చూడండి" అంది. వాళ్ళలో ఓ ముసలావిడ లేచొచ్చి, దగ్గరగా చూసి, "మీరెప్పుడిస్తే అప్పుడే తీసుకుంటాం. ఇంకెవరి దగ్గరా కొనం" అంది. ఆ దేశమంతా మన క్రీమే తర్వాత! ఇప్పుడు తలుచుకున్నా గర్వంగా ఉంటుందే నాకు.

వాళ్ళు వెళ్ళగానే మా గదికొచ్చింది. "ఎవరు కలిపారు?" నా పని అయిపోయిందనుకున్నా. ముందుకొచ్చి ఉన్నదున్నట్టు చెప్పేశాను. వాసన పోయినా సెంటు ఘాటు పోదు, రెండింతలైతే చెంప కందదూ మరి! "రెండోసారి ఎందుకు పోశావు?" "భయమేసిందమ్మా." "భయమేస్తే నా దగ్గరికి రా. క్రీములో పొయ్యకు" అని, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "కొత్త వాయి కూడా నువ్వే కలుపు" అంది. కలిపాను. పూర్తిగా చల్లారేదాకా గరిటె వదిలితే ఒట్టు. సాయంత్రం ఆవిడొచ్చి వేలితో ఇంత తీసుకుంది. "ఎడమ చెంప ఇంకా మానలేదమ్మా, రెండ్రోజులు ఆగండి" అన్నాను. "కుడిది ఉందిగా" అని, నా ఎదురుగానే రాసేసుకుంది.

...లే, ఆ కిటికీ మూసిరా. జల్లు లోపలికి కొడుతోంది.