ఆదివారం ఎక్కిన ప్రోగ్రాం

కంప్యూటర్ ఆన్ అవుతూ మళ్లీ సగంలోనే ఆగిపోయింది. భార్య కుర్చీ వెనక నిలబడ్డ అతను తొందరపెట్టాడు.

"వదిలెయ్, మొత్తం చెరిపేసి కొత్తగా ఎక్కిద్దాం."

"అమ్మో! నా కథలన్నీ ఇందులోనే ఉన్నాయండీ. హమ్మయ్య, అవసరమైనవే నడిచే సేఫ్ మోడ్‌లో లేచింది. కొత్త ప్రోగ్రామేదో అడ్డుపడుతోంది... ఇదిగో, ఆదివారం ఎక్కింది. ఆ రోజు నేను అక్క ఇంట్లో ఉన్నాను."

"దానంతటదే వచ్చుంటుందిలే."

"నేను కొట్టే ప్రతి అక్షరాన్నీ ఈ నంబరుకి పంపుతుందట. ఇది మీ నంబరు. అదీ దానంతటదే కనుక్కుందా?"



"నువ్వు నీలో నువ్వే నవ్వుకుంటూ టైప్ చేస్తుంటే... ఎవరితోనో అనుకున్నాను."

"తీసేశాను. ఇక మామూలుగానే లేస్తుంది."

"కోపమొచ్చిందా?"

"కుర్చీ లాక్కుని పక్కన కూర్చునుంటే నా కథలు నేనే చదివి వినిపించేదాన్ని. మీరూ నవ్వేవారు."